భుజానికి పంపిన నూనె

మార్చి 3

బావమరిదీ,

నీ పార్సెల్ అందింది. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్ చేస్తే మీ అక్క పక్కన కూర్చుని నేనన్న ప్రతి మాటకీ సవరణ చెబుతుంది. కాగితం మీదైతే నా మాట నాకు దక్కుతుంది.

డబ్బాలో ఉన్న పూతమందు మీ అక్క భుజానికి, సీసాలో ఉన్న చుక్కలు నా నిద్రకి అని రాశావు. రెండూ మీ ఫ్యాక్టరీలో హెంప్ మొక్క నుంచి తీసినవేనట. హెంప్ అంటే గంజాయికి దాయాది కదా అని మొదట గుండె గుభేల్మంది. మత్తెక్కించేది వడకట్టి తీసేస్తారనీ, మిగిలేది సీబీడీ అనే నెమ్మదస్తుడనీ నువ్వు రాశాక కుదుటపడ్డాను.

రోజంతా ట్రాము హ్యాండిల్ తిప్పి తిప్పి మీ అక్క కుడి భుజం పట్టేసింది. చెయ్యెత్తి జుట్టు ముడి వేసుకోలేకపోతోంది. ఈ సంగతి డిపోలో తెలిస్తే సీట్లోంచి దింపి గొడుగుల గదిలో కూర్చోబెడతారని ఆవిడ భయం. జనం ట్రాముల్లో మరిచిపోయిన గొడుగులూ, చేతి సంచులూ పెట్టే గది అది. కిటికీ కూడా లేదు. "నన్ను అందులో కూర్చోబెట్టిన రోజు నేనూ ఎవరో మరిచిపోయిన సామానే" అంది మొన్న. ఆ మాట నాకు నచ్చలేదు. అందుకే ఎలాగైనా ఆ భుజం బాగుపడాలి.

పూసుకుని బండెక్కితే "ఎక్కడో గడ్డి కోస్తున్నట్టున్నారు" అని ప్రయాణికులు ముక్కులెగరేస్తున్నారట. అది పోనీ. నా సందేహం వేరు. నేను డిపో క్యాంటీన్‌లో వంటవాణ్ణి. మాంసానికి ఉప్పు పట్టాలంటే ముందు గాట్లు పెట్టాలి. నొప్పేమో లోపల, మందేమో బయట. ఊరికే పైన రుద్దితే ఎలా దిగుతుంది?

మందు మింగమంటే మీ అక్క మింగదు. నా వంట మాత్రం ఏ పూటా వదలదు. నేను కట్టిచ్చిన భోజనం డబ్బా డ్యూటీకి పట్టుకెళ్తుంది, కడిగినట్టు ఖాళీగా తెస్తుంది. సెలవు రోజు నన్ను వంటింటి గడప తొక్కనివ్వదు, అలిసిపోతానని. నీకూ అలాంటి పెళ్ళామే దొరకాలని దీవిస్తూ,

ఏకైక బావ

---

మార్చి 11

బావకి,

నేను డబ్బాలు నింపి మూతలు బిగించేవాణ్ణి. శాస్త్రం నాకేం తెలుసు. అయినా నువ్వు అడిగావని మా ల్యాబులో కళ్ళద్దాలావిడని అడిగాను. ఆవిడని ఎవరూ ఏమీ అడగరు కాబోలు, భోజనం వేళంతా చెప్పింది.

మన చర్మం పై పొరంతా చచ్చిన కణాలట. ఇటుకల గోడలాగా ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో కొవ్వుతో మెత్తారనుకో. ఈ సీబీడీకి నీళ్ళు గిట్టవు, కొవ్వంటే ప్రాణం. అందుకని ఆ పొరలోకి దూరుతుంది గానీ అక్కడి కొవ్వులోనే చతికిలబడుతుంది. కాస్త కిందికి దిగుతుంది, రక్తం దాకా వెళ్ళేది దాదాపు ఏమీ ఉండదు. అదీ మంచిదే, పూసిన చోటే పడి ఉంటుంది. భుజం కీలు దాకా పోతుందా అంటే ఆవిడ కూడా ఒట్టు వెయ్యలేదు. రుద్దించుకున్న హాయి ఎంత, మందు గుణం ఎంత అన్నది తేలలేదట.

కాబట్టి రుద్దు. మెల్లగా రుద్దు. సీసా మాత్రం నీది. నాలుక కింద రెండు చుక్కలు వేసుకుని కాసేపు మాట్లాడకుండా ఉండు. రెండోది నీకు కష్టమని తెలుసు.

మూతల మధ్య నుంచి,
నీ బావమరిది

---

మార్చి 19

బావమరిదీ,

నువ్వు రాసింది చదివి నా కళ్ళు తెరుచుకున్నాయి. అడ్డం పడుతున్నది చచ్చిన కణాలన్నమాట. దుంప కూర వండేవాడు ముందు తొక్క తీస్తాడా లేదా? క్యాంటీన్‌లో గిన్నెలు తోమే పీచు కొత్తది ఒకటి తెచ్చి, గోరువెచ్చటి నీళ్ళతో మీ అక్క భుజం తోమాను. "మసాజ్" అన్నాను, నమ్మింది. నాలుగు తోములకి లేచి నిలబడింది. ఆ తర్వాత అన్న మాటలు రాయడానికి ఈ కాగితం చాలదు.

భుజం ఎర్రగా కందిపోయింది. దాని మీద నీ పూతమందు పెడితే భగ్గుమందట. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఇప్పుడు రెండు నొప్పులతో ట్రాము నడుపుతోంది, నాతో మాట్లాడటం లేదు. డబ్బా మాత్రం పట్టుకెళ్తోంది, ఖాళీగానే తెస్తోంది. కోపంలో కూడా నా తిండి మీద అలగలేదు చూడు.

అందుకని దారి మార్చాను. తలుపు మూసి ఉంటే కిటికీలోంచి పోవాలి. నీ సీసాలో చుక్కలు ఆవిడ డబ్బాలో కూర మీద చల్లుతున్నాను. చెప్పలేదు, చెబితే తినదు. నా నిద్ర సంగతి తర్వాత. నాలుగు రోజులైనా భుజం అలాగే ఉంది. సీసాలో సరుకు అసలుదేనా?

తోమినందుకు పశ్చాత్తాపంతో, చల్లినందుకు ఏమీ లేకుండా,
బావ

---

మార్చి 27

బావా,

గిన్నెల పీచా? మా అక్కనా?

నేను కోపంగా రాస్తున్నానని గుర్తుపెట్టుకుని చదువు. తినేవాళ్ళకి చెప్పకుండా ఏదీ కలపకూడదు. నువ్వు వంటవాడివి, నేను చెప్పాలా? ఈ రోజే అక్కకి చెప్పు.

సరుకు అసలుదే. నోటితో తిన్నది ముందు కడుపులోకి, అక్కణ్ణించి పేగుల్లోకి, తర్వాత తిన్నగా కాలేయానికి పోతుంది. అక్కడ చాలా భాగం విరిచి పారేస్తుంది. కళ్ళద్దాలావిడ లెక్క ప్రకారం వందలో ఆరు పాళ్ళు దక్కితే గొప్ప. నాలుక కింద పెట్టమన్నది అందుకే. అక్కడి పల్చటి పొరలోంచి కొంతైనా కాలేయాన్ని తప్పించుకుని రక్తంలోకి పోతుంది.

ఇంకో సంగతి, జాగ్రత్త. వెన్నా, నూనే బాగా ఉన్న తిండితో తింటే ఒంటికి పట్టేది నాలుగైదు రెట్లు పెరుగుతుందట. అప్పుడు మగతగా ఉంటుంది. ట్రాము నడిపే మనిషికి అది మంచిది కాదు. అందుకే మళ్ళీ చెబుతున్నా, ఆపు.

బావ అనే మర్యాద ఇంకా కాస్త మిగిలి ఉన్న,
బావమరిది

---

ఏప్రిల్ 5

ఒరేయ్ బంగారూ,

వెన్న సంగతి ముందే చెప్పొద్దూ. నీ ఉత్తరం అందిన పూటే కూరలో గరిటెడు వెన్న వేశాను. ఆ పైన చుక్కలు రెట్టింపు. ఆ కాలేయం ఎంత విరుస్తుందో విరవనీ, నేనూ చూస్తాను. నా మీద గెలవాలంటే అది ఇంకా పుట్టాలి.

మగత గిగత ఏమీ లేదు. మీ అక్క కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, చూపంతా నా మీదే. భుజం కొంచెం తేలికపడిందని పక్కింటావిడతో అంటుంటే విన్నాను. నాతో అనలేదు. అయినా అది వెన్న ప్రభావమని నాకు తెలుసు.

ఇంకో సంగతి. ఈ డిపోలో నొప్పి లేని మనిషి లేడు. డ్రైవర్లకి భుజాలు, కండక్టర్లకి కాళ్ళు, షెడ్డువాళ్ళకి నడుములు. డిపో పెద్దాయనకి మెడ తిరగదు, ఎవరైనా పిలిస్తే మొత్తం మనిషే తిరుగుతాడు. వీళ్ళని చూస్తే నాకు జాలేస్తోంది. నొప్పి లేనిది టికెట్ ఇన్‌స్పెక్టర్ ఒక్కడికే. వాణ్ణి మేం కత్తెర అంటాం. టికెట్ లేకపోతే సొంత తమ్ముణ్ణయినా దింపేసే రకం. క్యాంటీన్ తిండి తనకి తగదని ఇంటి నుంచి ఎండు రొట్టె తెచ్చుకుంటాడు. వాడి పాపాన వాడే పోతాడు.

డిపోకి పనికొచ్చేలా ఒక పెద్ద డబ్బా నూనె పంపు. ఆలస్యం చెయ్యకు.

అందరి మేలూ కోరే,
బావ

---

ఏప్రిల్ 12

బావా,

డిపోకి పెద్ద డబ్బా అంటే అంత నూనె మనుషులకి కాదు, ట్రాముల్లో చెక్క బల్లలకని అర్థమైంది. మంచి ఆలోచన. మా దగ్గర వడకట్టని తొలి నూనె ఒక డబ్బా మూల పడి ఉంది. ఒంటికీ నోటికీ పనికిరాదు, మత్తు సరుకు ఇంకా అందులో కాస్త ఉంటుంది. చెక్కకి మాత్రం భలే మెరుపొస్తుంది. పాతగుడ్డతో పల్చగా రుద్ది ఆరనివ్వండి. ఈ ఉత్తరం డబ్బా పక్కనే పెట్టి కడుతున్నాను, ముందు ఇది చదివి తర్వాత మూత తియ్యి.

వెన్న గురించి ఇంక నేను మాట్లాడను. నువ్వు అక్కకి నిజం చెప్పేదాకా చుక్కల సీసాలు ఇక పంపను.

విసిగిపోయిన,
బావమరిది

---

ఏప్రిల్ 28

బావమరిదీ,

డబ్బా దారిలో కారింది. నీ ఉత్తరం నూనెలో నాని అప్పడంలా అయింది. "మంచి ఆలోచన", "భలే", "విసిగిపోయిన" అన్నవి మాత్రమే చదవగలిగాను. మంచి ఆలోచన అన్నావు కాబట్టి క్యాంటీన్ సూప్‌లో వేశాను. రోజూ పెద్ద గుండిగకి ఒక గరిటె, వెన్నతో కలిపి.

ఒరేయ్, డిపో మారిపోయింది. ఎవరూ కేకలు వేసుకోవడం లేదు. పెద్దాయన మెడ సగం తిరుగుతోంది. మొన్న ఒకావిడ స్టాపులో నిలబడి చెల్లెలితో ఏదో కష్టం చెప్పుకుంటుంటే, ఆ మాట పూర్తయ్యేదాకా ట్రాము ఆగిందట. లోపలున్నవాళ్ళు కూడా విన్నారట. ఇంకో డ్రైవరు పావురాలు లేచేదాకా పట్టాల మీద ఎదురు చూశాడు. అన్నిటికన్నా వింత కత్తెర. టికెట్ లేనివాణ్ణి పట్టుకుని, "పోన్లే పాపం, తొందరలో ఉన్నావేమో" అని కిటికీ పక్క సీటు ఇప్పించాడు. వాడు క్యాంటీన్ సూప్ ముట్టడు కదా, మంచితనం గాలికి కూడా అంటుకుంటుంది కాబోలు అనుకున్నాను.

కానీ ఊళ్ళో జనం ఫిర్యాదులు పెట్టారు. ట్రాముల వాళ్ళు ఇంత మర్యాదగా ఉన్నారంటే ఏదో ఉందని. పైవాళ్ళు వచ్చే వారం అందరికీ రక్త పరీక్ష అన్నారు. రక్తంలో మత్తు జాడ కనిపిస్తే డ్రైవరు సీటు పోతుంది, గొడుగుల గదికి బదిలీ.

మీ అక్క వణికిపోతోంది. భుజానికి నీ పూతమందు రోజూ రాసుకుంటోంది కదా, అది పట్టిస్తుందేమోనని. నిన్న చాలా రోజుల తర్వాత నా పక్కన కూర్చుని, "తమ్ముణ్ణోసారి అడగవా" అంది. నాతో మాట్లాడింది అంతే. నేను తలూపాను. అందరికీ కలిపి ఒక గరిటె అయితే ఆవిడ డబ్బాకి నేను వేరే రెండు గరిటెలు వేస్తున్నాను. నాకు భయమేస్తోంది. వెంటనే రాయి.

బావ

---

మే 2

బావా,

అది బల్లల పాలిష్. చెక్కకి పూసేది. నువ్వు డిపో మొత్తానికి బల్లల పాలిష్ వడ్డించావు.

పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టండి అన్నాడట నీలాంటివాడే. కూర్చుని నింపాదిగా చదువు. భుజానికి పూసింది అక్కని పట్టివ్వదు. అది చర్మం దాటి పరీక్షకి దొరికేంతగా రక్తంలోకి పోదని కళ్ళద్దాలావిడ మళ్ళీ మళ్ళీ చెప్పింది. తిన్నదే పట్టిస్తుంది. అదీ వడకట్టని నూనె, అదీ వెన్నతో, అదీ రోజూ. ఆ మత్తు సరుకు ఒంట్లో కొవ్వులో పోగుపడి, మానేశాక కూడా రోజుల తరబడి కొద్దికొద్దిగా బయటికొస్తూనే ఉంటుంది. నీళ్ళు తాగిస్తే పోదు. పరిగెత్తిస్తే పోదు. నువ్వు ఏ వంటింటి వైద్యమూ మొదలుపెట్టకు.

చెయ్యాల్సింది ఒక్కటే. రక్తం తీసేలోపు వెళ్ళి పరీక్ష చేసే డాక్టరమ్మకి ఉన్నదున్నట్టు చెప్పు. తప్పు తినేవాళ్ళది కాదు, పెట్టినవాడిదని చెప్పు. నీ గరిటె పోతే పోతుంది. అక్క చిన్నప్పుడు ఇంట్లో పీటలన్నీ ట్రాములా వరసగా పేర్చి ముందు పీట మీద కూర్చుని నన్ను వెనక ప్రయాణికుణ్ణి చేసేది. ఆ సీటు తప్ప ఆవిడ ఇంకేదీ కోరలేదు. ఆవిడని గొడుగుల మధ్య కూర్చోబెట్టావో, నేనొచ్చి నీ ఇంటి ముందు పడుకుంటాను.

బావమరిది

---

మే 10

బావమరిదీ,

చెప్పాను. పరీక్ష రోజు పొద్దున్నే షెడ్డులో అందరూ చొక్కా చేతులు మడిచి నిలబడి ఉండగా డాక్టరమ్మ ముందు నిలబడి చెప్పాను. సూప్ నాదీ, నూనె నాదీ, బుద్ధి తక్కువా నాదే, మా ఆవిడకి ఏమీ తెలియదు, దింపితే నన్ను దింపండి అన్నాను. మీ అక్క నన్ను చూసిన చూపు ఉంది చూడు. గిన్నెల పీచు రోజున కూడా అలా చూడలేదు. క్యాంటీన్ తాళాలు అక్కడికక్కడే తీసుకున్నారు. న్యాయమే. నలభై మందికి చెప్పకుండా పెట్టాను.

నిన్న ఫలితాలు వచ్చాయి. డాక్టరమ్మ షెడ్డులో నిలబడి పైకి చదివింది. డ్రైవర్లందరికీ ఉంది. కండక్టర్లకి ఉంది. పెద్దాయనకి ఉంది, విని మొత్తం మనిషి ఇటు తిరిగాడు. డిపో మొత్తంలో అతి ఎక్కువ ఎవరికంటే, కత్తెరకి. క్యాంటీన్ గడప తొక్కనివాడికి.

ఆఖరున మీ అక్క. సున్నా. జాడ కూడా లేదు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, అందరికన్నా గట్టిగా. మీ అక్క సీటు నిలబడింది, భుజానికి పూసింది ఏమీ చెయ్యలేదు, నువ్వు చెప్పింది నిజం అని ఎగిరి గంతేశాను.

గంతేసి కిందికి దిగేలోపు గుర్తొచ్చింది. మరి నా డబ్బా ఏమైంది? రెండు గరిటెల నూనె, గరిటెడు వెన్న, రోజూ. కాలేయం ఎంత గట్టిదైనా సున్నా చెయ్యగలదా? కత్తెర వైపు చూశాను. వాడు నేల చూస్తున్నాడు. మీ అక్క వైపు చూశాను. ఆవిడా నేలే చూస్తోంది. షెడ్డు మొత్తం నన్ను చూస్తోంది.

మీ అక్క చివరి స్టాపులో రోజూ నా డబ్బా వాడికిచ్చి వాడి ఎండు రొట్టె తను తినేదట. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. వాడు ఈ డిపోకి వచ్చిన దగ్గర్నుంచీ అంది. అంతకు ముందు అని అడిగాను. అంతకు ముందున్న ఇన్‌స్పెక్టరు అంది.

ఒరేయ్, నీకు తెలుసా ఈ సంగతి? నిజం చెప్పు.

బావ

---

మే 17

బావా,

నేను మీ ఇంటికొచ్చిన ప్రతిసారీ భోజనం వేళకి నాకు కడుపునొప్పి వచ్చేది. నీకు ఎప్పుడూ అనుమానం రాలేదా?

తెలుసు. నీకు చెప్పనని అక్క ఒట్టు వేయించుకుంది. నువ్వు ఉప్పు వేసి, వేశానో లేదోనని మళ్ళీ వేసి, ఆ పైన రుచి కోసం వేస్తావు. ఎండలో చెమటోడ్చి క్యాంటీన్‌కి వచ్చినవాళ్ళకి అది అమృతంలా ఉంటుంది కాబోలు. మాకు కాదు. చెప్పబోయి చాలాసార్లు ఆగిపోయాను. నువ్వు మా పళ్ళెం వైపు కాదు, మా మొహం వైపు చూస్తూ కూర్చుంటావు.

బల్లల నూనె పంపినది నేనే కాబట్టి నీ మీద అరిచే హక్కు నాకు పెద్దగా లేదని కళ్ళద్దాలావిడ అంది. డబ్బా మీద రాయాల్సింది కాగితం మీద రాసి కట్టానని చీవాట్లు పెట్టింది. తప్పే. అక్కని ఏమీ అనకు. అనాలంటే నాకు ఉత్తరం రాయి.

కడుపునొప్పి లేని,
బావమరిది

---

జూన్ 1

బావమరిదీ,

నిన్న మొన్నటిదాకా ఊరు మొత్తానికి ఒకటే ట్రాము, ఒకటే డ్రైవరు. మిగతావాళ్ళందరికీ ఒంట్లోది పోయేదాకా గొడుగుల గది. అందరూ పట్టక మెట్ల మీద దాకా కూర్చున్నారు. మీ అక్క పొద్దున ఈ లైను, మధ్యాహ్నం ఆ లైను నడిపింది. ఏ స్టాపులో చూసినా జనం ఆవిడ కోసం నిలబడి ఉన్నారు. భుజం నొప్పి ఉందా అని అడిగితే, ఉంది అంది. పూతమందు పూయనా అంటే భుజం ముందుకి పెట్టింది. మెల్లగానే రుద్దాను.

నాకు క్యాంటీన్ పోయింది కదా, గొడుగుల గది నాకే ఇచ్చారు. అందరూ మళ్ళీ ట్రాములెక్కి వెళ్ళిపోయాక ఒక్కణ్ణే కూర్చుంటున్నాను. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించలేదు. ఎవరి కోసం వెలిగించాలి? మీ అక్కే ఏదో ఒకటి చేసి పెడితే తిని పడుకున్నాను. బాగానే ఉంది. అదీ బాధే.

ఒక సాయంత్రం తలుపు చప్పుడైతే తీశాను. కత్తెర. "ఊరికే ఇటుగా వెళ్తూ వచ్చాను" అన్నాడు. వాళ్ళిల్లు ఊరికి ఆ చివర. కాసేపు చెప్పులు చూసుకుని, "ఇన్నాళ్ళూ అది మేడమ్ గారి చేతి వంట అనుకున్నానండీ. మా ఇంట్లో కూడా ఆవిడ పేరే చెప్పాను. మీదని తెలియదు. నూనె లేకుండా ఇప్పుడేమైనా చేస్తారేమోనని..." అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా చెబుతున్నా. కూర్చోబెట్టి వండి పెట్టాను. గిన్నె అడుగు దాకా ఊడ్చాడు.

వాడు వెళ్ళాక మీ అక్కని అడిగాను. ఒక్క మాట నాతో అని ఉండొచ్చు కదా అని. "మొదటిసారి పెట్టినప్పుడు బాగుందన్నాను. ఆ తర్వాత మాట మార్చడానికి సందు దొరకలేదు" అంది. "ఇన్నేళ్ళలోనా?" అన్నాను. "నువ్వు వెంటనే రెండో గరిటె వేసేవాడివి" అంది. తర్వాత ఆవిడే, "ఒక గుప్పెడు ఉప్పు తగ్గించి చూడరాదూ" అంది.

నిన్న వండాను. ఉప్పు ఒక్కసారే వేశాను. మళ్ళీ వెయ్యకుండా చెయ్యి కట్టుకుని నిలబడ్డాను. ఆవిడ తింటుంటే మొహం చూడకూడదని కిటికీలోంచి బయటికి చూశాను, కానీ ఆ అద్దంలో అంతా కనిపించింది. మొదటి చెంచాకి మొహం చిట్లించింది. పెళ్ళయ్యాక నా వంటకి ఆవిడ మొహం చిట్లించడం నేను చూడటం అదే మొదలు. ఇంకో చెంచా తీసుకుంది. "కారం కూడా ఎక్కువే" అంది. ఇంకోటి తీసుకుంది. మధ్యలో నీళ్ళు తాగింది, మళ్ళీ తింది.

కాసేపటికి చెంచా కింద పెట్టి, "ఇంక నావల్ల కాదు" అని లేచింది. మిగిలింది అక్కడే, నా కళ్ళ ముందే వదిలేసింది.

గిన్నె చూశాను. సగం ఖాళీ. సగం తిందిరా మీ అక్క.

బావ